యాభై వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, న్యాయమేనా?

ప్రశ్న: మాది 2017 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ కారు. 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజిన్ రొద పెరిగింది కానీ బండి లాగలేదు, కాలిన వాసన వచ్చింది. గతుకుల్లో ముందు వైపు టకటకమని శబ్దం కూడా వస్తోంది. గుంటూరులో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఈ ఎస్టిమేట్ ఇచ్చారు:

క్లచ్ సెట్ (ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్) 6,200, ఫ్లైవీల్ 7,400, ముందు షాకబ్జర్లు రెండు 5,600, లోయర్ ఆర్మ్‌లు రెండు 4,400, ముందు బ్రేక్ డిస్కులు 4,200, బ్రేక్ ప్యాడ్లు 2,100, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,400, ఇంజిన్ ఫ్లష్ 600, ఏసీ క్లీనింగ్ 1,500, కన్జ్యూమబుల్స్ 900. లేబర్: గేర్‌బాక్స్ దించి ఎక్కించడానికి 4,500, ఆర్మ్‌లకు 1,200, షాకబ్జర్లకు 1,600, బ్రేకులకు 800, అలైన్‌మెంట్ 700. అన్నిటి మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ.50,858.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌ను ఫోన్‌లో అడిగితే ‘క్లచ్, లోయర్ ఆర్మ్‌లు కలిపి 18 వేలలో అయిపోద్దమ్మా’ అన్నాడు. ఇంత తేడా ఏమిటి? ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: ఈ రెండు అంకెలూ ఒకే పనికి చెప్పినవి కావు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరు దోచుకుంటున్నట్టూ ఇంకొకరు ధర్మానికి చేస్తున్నట్టూ కనిపించడం అందుకే. సర్వీస్ సెంటర్ కాగితంలోంచి ఆటోనగర్ మెకానిక్ చెప్పిన పని వరకు విడదీసి చూడండి. క్లచ్ సెట్ 6,200, ఆర్మ్‌లు (ముందు చక్రాలను బండి అడుగుకు పట్టి ఉంచే ఇనుప చేతులు) 4,400, వెరసి 10,600. గేర్‌బాక్స్ లేబర్ 4,500, ఆర్మ్‌ల లేబర్ 1,200, అలైన్‌మెంట్ 700, వెరసి 6,400. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 7,552. సామాన్ల ధరలో పన్ను కలిసే ఉందనుకుంటే మొత్తం 18,152 రూపాయలు. కలిసి లేదనుకుంటే 20,060. అంటే ఒకే పనికి ఇద్దరి మధ్య తేడా 152 రూపాయల నుంచి రెండు వేల చిల్లర వరకే. మిగిలిన ముప్పై వేలకు పైగా సొమ్ము మీరు చెప్పిన బాధలకు నేరుగా సంబంధం లేని పనులదీ, చెక్ చేశారో లేదో తెలియని పనులదీ. కాబట్టి బేరం మొదలుపెట్టాల్సింది రేటు దగ్గర కాదు, పనుల జాబితా దగ్గర.

అయితే ఆ ‘పన్ను కలిసి ఉందా లేదా’ అన్న ప్రశ్న చిన్నది కాదు. ముందు అది తేల్చుకోండి. మీ కాగితంలో షాకబ్జర్ ఒక్కోటి 2,800 పడింది. కంపెనీ స్పేర్ పార్ట్ డబ్బా మీద ఎమ్మార్పీ అచ్చువేసి ఉంటుంది, ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. ఆ డబ్బా మీద 3,304 అని ఉంటే 2,800 పన్ను లేని ధర, దాని మీద 18 శాతం వేయడం సబబే. డబ్బా మీదే 2,800 అని ఉండి, బిల్లులో మళ్లీ 18 శాతం కలిపితే మాత్రం ఒక్కో షాకబ్జర్‌కు 504 రూపాయలు అదనంగా లాగుతున్నట్టు. మీ ఎస్టిమేట్‌లోని సామాన్లు మొత్తం 29,900. అవన్నీ ఎమ్మార్పీలే అయితే పన్ను మీద పన్ను రూపంలో పోయేది 5,382 రూపాయలు. ప్యాక్ చేసిన వస్తువును ఎమ్మార్పీకి మించి అమ్మకూడదని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి, స్పేర్ పార్టుకూ అదే వర్తిస్తుంది. ప్రతి సామానుకూ పార్ట్ నంబరు రాసివ్వమని అడగండి. ఆ నంబరుతో మారుతి సుజుకి జెన్యూన్ పార్ట్స్ వెబ్‌సైట్లో, బూడ్‌మో లాంటి స్పేర్ల సైట్లలో ధర వెతకవచ్చు. పార్ట్ నంబర్లు ఇవ్వడానికి నసిగే చోట ఎస్టిమేట్‌ను ఎస్టిమేట్‌గా లెక్కవేయకండి.

ఇంట్లో పాత బిల్లులు ఉండి వాటితో పోల్చి చూస్తుంటే ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22కు ముందు చాలా కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, ఆ రోజు నుంచి అన్నిటికీ 18 శాతమే. లేబర్ మీద అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే. ఇప్పటి ఎస్టిమేట్‌లో ఎక్కడైనా 28 కనిపిస్తే అక్కడే ఆపి అడగండి.

ఇక పనుల సంగతి. మీరు చెప్పిన లక్షణాలు, అంటే రేజ్ చేస్తే ఇంజిన్ అరుస్తూ వేగం పెరగకపోవడం, కాలిన వాసన, క్లచ్ జారుతోందనే చెబుతున్నాయి. 92,000 కిలోమీటర్లకు ఊళ్లో తిరిగే కారు క్లచ్ అరగడం మామూలే. ఇంకోసారి నిర్ధారించుకోవాలంటే ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేరులో 40–50 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, స్పీడోమీటర్ ముల్లు దాని వెంట రాకపోతే అనుమానం అక్కర్లేదు. ఒక్కసారి చేసి ఊరుకోండి, మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది. గేర్‌బాక్స్ దించేముందు మెకానిక్ చూడాల్సింది ఇంకొకటుంది. పెడల్ పైభాగంలో కాస్త లూజు ఉండాలి. కేబుల్ బిగుసుకుపోయి ఆ లూజు లేకపోతే, క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉండి జారుతుంది. అది సర్దుబాటుతో పోయే జబ్బు, కొత్త క్లచ్ అక్కర్లేదు.

క్లచ్ మార్చాల్సిందే అని తేలితే మూడు ముక్కలూ సెట్‌గా మార్చడం సరైన పనే. ప్లేటు ఒక్కటే వేసి రిలీజ్ బేరింగ్ పాతది ఉంచితే, ఆరు నెలలకు బేరింగ్ అరవడం మొదలయ్యాక దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. వెయ్యి రూపాయల దగ్గర కక్కుర్తి పడితే 4,500 లేబర్ రెండోసారి కట్టాల్సి వస్తుంది.

మీ ఎస్టిమేట్‌లో ఎక్కువ రాసినవాటికన్నా రాయకుండా వదిలేసినవే ఆలోచింపజేస్తున్నాయి. గేర్‌బాక్స్ దించాలంటే గేర్ ఆయిల్ తీసేయాలి, డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు) లాగాలి. గేర్ ఆయిల్ ఎస్టిమేట్‌లో లేదు, డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లూ లేవు. క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు ప్రస్తావన అసలే లేదు. ఈ రెండు సీళ్లలో ఏది కారినా ఆయిల్ నేరుగా క్లచ్ ప్లేటు మీద పడుతుంది, అరగని ప్లేటు కూడా జారుతుంది. కారే సీలు అలాగే ఉంచి కొత్త క్లచ్ వేస్తే ఆ డబ్బు నేలపాలే. గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడు సీలు మార్చడానికి ఖర్చు దాదాపు సీలు ధరే, లేబర్ వేరే పడకూడదు. ఇవి లేని ఎస్టిమేట్ తక్కువగా ఉందని సంతోషించడానికి లేదు. బండి విప్పాక ‘మేడం, ఇంకో నాలుగు వేలు అవుతుంది’ అని ఫోన్ వస్తుంది, అప్పటికి మీ కారు ముక్కలుగా ఉంటుంది, కాదనలేరు. అందుకని ఇప్పుడే అడగండి: గేర్ ఆయిల్ ఎన్ని లీటర్లు, ఏ గ్రేడు, సీళ్లు ఏమేం మారుస్తారు, వాటి పార్ట్ నంబర్లేమిటి?

ఫ్లైవీల్, అంటే క్లచ్ ప్లేటు ఆనుకుని తిరిగే బరువైన చక్రం దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. గేర్‌బాక్స్ దించకుండా ఫ్లైవీల్ పోయిందని చెప్పడం ఎవరి తరమూ కాదు, అది క్లచ్ వెనక దాగి ఉంటుంది. కాబట్టి 7,400 రూపాయల ఆ లైన్ ఇప్పటికి ఊహే. దాన్ని కొట్టేయించి ‘విప్పాక ఫొటో చూపించి, ఒప్పుకుంటేనే’ అని జాబ్ కార్డులో (బండి అప్పగించేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం) రాయించండి. విప్పాక మీరు చూడాల్సింది ప్లేటు రాసుకునే నున్నని ముఖాన్ని. గోరుతో అడ్డంగా గీస్తే గోరు తట్టుకునే గాళ్లు ఉన్నాయా, సాలెగూడులా సన్నని పగుళ్లు ఉన్నాయా చూడండి. వేడికి కాస్త నీలం రంగు తిరగడం అన్నది ఒక్కటే మార్చడానికి కారణం కాదు, పైపైన ఉంటే రుద్ది శుభ్రం చేయవచ్చు. గాళ్లుంటే లేత్ మీద ఫేసింగ్ (ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయించే వీలుందేమో అడగండి, ఆటోనగర్‌లో ఆ పని చేసే లేత్ షాపులకు కొదవ లేదు. పగుళ్లు కనిపిస్తే మాత్రం మారు మాట్లాడకుండా కొత్తది వేయించండి. మీది పెట్రోల్ కారు కాబట్టి ఒకే ముక్కగా ఉండే మామూలు ఫ్లైవీల్. కొన్ని డీజిల్ కార్లలో వాడే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ లోపల స్ప్రింగులుంటాయి, దాని ధరా దాని అరుగుదలా వేరు. ఆ కార్ల వాళ్ల అనుభవం విని భయపడకండి.

ముందు వైపు టకటకకు సర్వీస్ సెంటర్ వాళ్లు షాకబ్జర్లు, ఆర్మ్‌లు రెండూ రాసేశారు. ఒక శబ్దానికి రెండు కారణాలు ఉండొచ్చు, కాదనను. కానీ చెకింగ్‌లో ఏం కనిపించిందో ఒక్క ముక్క కూడా రాయకుండా రెండూ మార్చాలనడం గురి చూడకుండా రాయి విసరడమే. గతుకుల్లో టకటకకు చాలాసార్లు కారణం స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్డు, లేదా స్టెబిలైజర్ బార్ బుష్‌లు. ఇవి ఆర్మ్‌లకన్నా, షాకబ్జర్లకన్నా బాగా చవక. ముందు వాటిని చూశారా అని అడగండి. తర్వాత బండిని లిఫ్ట్ ఎక్కించి మీ ఎదుటే చూపించమనండి. క్రోబార్‌తో ఆర్మ్ బుష్ దగ్గర ఎత్తి కదిపితే రబ్బరు చిరిగి ఇనుము కదులుతోందా? చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్ దగ్గర ఆట, అంటే వదులు ఉందా? షాకబ్జర్ మీద ఆయిల్ తేమగా పట్టి దుమ్ము అంటుకుని ఉందా, లేక ధారగా కారుతోందా? తేమ వేరు, కారడం వేరు. బానెట్ పక్కన ఫెండర్ మీద బలంగా నొక్కి వదిలితే బండి ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి, రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జర్ పని అయిపోయింది.

బాల్ జాయింట్‌లో ఆట కనిపిస్తే ఆ పనిని వాయిదా వేయకండి, అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. బుష్ ఒక్కటే చిరిగి జాయింటు బిగువుగా ఉంటే, బుష్‌లు మాత్రం ప్రెస్ మీద మార్చే వీలుందేమో అడగండి, సర్వీస్ సెంటర్లు సాధారణంగా ఆర్మ్ మొత్తం మారుస్తాయి కాబట్టి ఈ పనికి బయట షెడ్డే దారి. షాకబ్జర్ ఒకటే కారుతున్నా ముందు రెండూ కలిపి మార్చడం సరైన పద్ధతి, ఆ విషయంలో ఎస్టిమేట్‌ను తప్పుపట్టను. అయితే వాటితో పాటు పైన ఉండే మౌంటింగ్, బంప్ స్టాపర్, డస్ట్ కవర్ పరిస్థితి కూడా చూసి ఇప్పుడే రాయమనండి. ఇవీ మీ కాగితంలో లేవు.

లేబర్ విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు: ఒక బోల్టు ఒకసారే విప్పుతారు, ఒకసారే డబ్బు. గేర్‌బాక్స్ దించడానికి డ్రైవ్ షాఫ్టులు లాగాలి, అందుకు ముందు చక్రాలు విప్పి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ వదులు చేయాలి. అంటే ఆర్మ్ మార్చే పనిలో కొంత 4,500 లోనే జరిగిపోయింది. మళ్లీ 1,200 పూర్తిగా వేయడం ఎందుకని మర్యాదగా అడగండి, చాలా చోట్ల తగ్గిస్తారు. బ్రేకుల లేబర్‌కూ అదే ప్రశ్న, చక్రాలు ఎలాగూ ఊడి ఉన్నాయి. 4,500 ఎక్కువా తక్కువా అంటే, మెకానిక్, హెల్పర్ కలిసి ఇలాంటి చిన్న కారు క్లచ్ పనికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అయిదు గంటలనుకుంటే గంటకు 900 పడుతోంది. అదే కంపెనీకి చెందిన ఇంకో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ‘పెట్రోల్ స్విఫ్ట్ క్లచ్ ఓవర్‌హాల్ లేబర్ ఒక్కటే ఎంత’ అని అడగండి. మొత్తం ఖర్చు అడగకండి, మొత్తం అడిగితే ఎవరి జాబితా వాళ్లు చదువుతారు. అలైన్‌మెంట్ 700 మాత్రం ఆర్మ్‌లు మార్చితే తప్పదు, చేయించకపోతే కొత్త టైర్లు ఒక పక్క అరిగిపోతాయి.

బ్రేకులకు మీరు ఏ ఇబ్బందీ చెప్పలేదు. అయినా 6,300 రూపాయల సామాన్లు, 800 లేబర్ రాశారు. ఇక్కడ కొలతే న్యాయం చెబుతుంది. ప్యాడ్ మెటీరియల్ మూడు మిల్లీమీటర్లకు దగ్గరైతే మార్చాలి, అయిదారు ఉంటే ఇంకా తిరగొచ్చు. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం సాధారణంగా దాని మీదే అచ్చువేసి ఉంటుంది. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి మీ డిస్కు మందం ఎంతో, కనీసం ఎంత ఉండాలో, రెండు అంకెలూ జాబ్ కార్డులో రాయమనండి. బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ గానీ స్టీరింగ్ గానీ వణకడం లేదంటే, మందం సరిపోతుందంటే, డిస్కులు ఉంచుకుని ప్యాడ్లు మాత్రం మార్చుకోవచ్చు.

ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్ – ఈ మూడూ కలిపి 3,500, జీఎస్టీతో 4,130. మీ కారు మిస్ కొట్టడం లేదు, మైలేజీ పడిపోయిందని మీరు చెప్పలేదు, ఏసీ గురించి ఫిర్యాదూ లేదు. మూడూ కొట్టేయించండి. ఏసీలో వాసన వస్తుంటే ముందు గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. కన్జ్యూమబుల్స్ 900 అంటే ఏమేం వాడతారో విడివిడిగా రాయమనండి. బ్రేక్ క్లీనర్, గ్రీజు, వేస్ట్ గుడ్డ కలిపినా అంత కావడం కష్టం.

ఇప్పుడు ఆటోనగర్ మెకానిక్ వైపు వద్దాం. 18 వేలు అన్నాడు కానీ అందులో ఏ కంపెనీ క్లచ్ వేస్తాడో చెప్పలేదు. వాలియో, ఎక్సెడీ, లుక్ – ఇవి పేరున్న క్లచ్ కంపెనీలు. కార్ల కంపెనీ ముద్ర లేని డబ్బాలో వచ్చినా నాణ్యతకు లోటుండదు. ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా లేని డబ్బా అయితే మాత్రం ఒప్పుకోకండి. సీళ్లు, గేర్ ఆయిల్, అలైన్‌మెంట్ ఆ 18 వేలలో ఉన్నాయా, సామాన్ల బిల్లు మీ పేరున ఇస్తాడా, పనికి ఎన్ని నెలలు పూచీ – ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. జీఎస్టీ అంటూ పైన వేస్తే అతని జీఎస్టీ నంబరు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే అది 37తో మొదలై 15 అక్షరాలుంటుంది, జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే పేరు కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేని షెడ్డుగానీ కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న షాపుగానీ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు.

మీరు ఎవరిదగ్గర చేయించినా, జాబ్ కార్డులో జబ్బు పేరు కాకుండా లక్షణం రాయించండి. ‘క్లచ్ మార్చాలి’ అని కాదు, ‘ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పెరుగుతోంది, బండి లాగడం లేదు, ముందు కుడి వైపు గతుకుల్లో శబ్దం’ అని, శబ్దం ఏ వైపో మీకు తెలిసినట్టే రాయించండి. పని అయ్యాక ఆ లక్షణం పోకపోతే అడిగే హక్కు మీకుంటుంది. ‘పాత సామాన్లు తిరిగి ఇవ్వాలి’, ‘ఎస్టిమేట్ దాటితే ముందుగా రాతపూర్వక అనుమతి’ అనే రెండు లైన్లు సంతకానికి ముందే పడాలి. ఖాళీలున్న జాబ్ కార్డు మీద సంతకం పెట్టకండి. సర్వీస్ అడ్వైజర్‌కు ఈ సాయంత్రమే ఇలా ఒక మెసేజ్ పెట్టవచ్చు: ‘ఫ్లైవీల్, డిస్కులు, మూడు క్లీనింగ్‌లు తీసేయండి. గేర్ ఆయిల్, సీళ్లు కలపండి. ప్రతి సామానుకు పార్ట్ నంబరు, ఎమ్మార్పీ రాయండి. షాకబ్జర్లు, ఆర్మ్‌లు లిఫ్ట్ మీద చూపించాకే చెబుతాను. సవరించిన ఎస్టిమేట్ పంపండి.’ సవరించిన కాగితం వస్తే, అదే జాబితాను ఆటోనగర్‌కూ పంపి ధర అడగండి. అప్పుడు వచ్చే రెండు అంకెలను పోల్చవచ్చు.

ఎమ్మార్పీకి మించి వేసినా, బిల్లు ఇవ్వకపోయినా ముందు సర్వీస్ మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఎమ్మార్పీ ఫిర్యాదును తూనికలు కొలతల శాఖ కూడా తీసుకుంటుంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే దాఖలు ఫీజు లేదు.

ఈ మాటలన్నీ తేల్చుకునేందుకు వారం పది రోజులకు మించి తీసుకోకండి. జారే క్లచ్‌తో తిరిగిన కొద్దీ వేడి ఫ్లైవీల్‌కే తగులుతుంది, ఇప్పుడు అక్కర్లేదని కొట్టేయించిన 7,400 లైన్ అప్పుడు నిజంగానే కావాల్సి వస్తుంది. అప్పటిదాకా ఘాట్ రోడ్లు, ఫుల్ లోడు మానుకుని, ట్రాఫిక్‌లో క్లచ్ సగం తొక్కి బండిని ఆపి ఉంచకుండా బ్రేక్ వాడండి.